మిస్ ఓరాలీ వెతికిన నేల

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలోని ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు, కరివేపాకు తీసుకుని బిల్లు కట్టే చోట నిలబడ్డాను. కౌంటర్ వెనక పెద్దాయన కంప్యూటర్ ఆగిపోయిందని విసుక్కుంటూ, కాగితం మీద రాయడానికి పెన్సిల్ ఒకటి తీసి బ్లేడుతో చెక్కడం మొదలుపెట్టాడు. ఆ చెక్క వాసన తగిలింది. వెనకున్న అమ్మాయి "ఆంటీ, లైన్ మూవ్ అవుతోంది" అనేదాకా అక్కడే ఉండిపోయాను. అలాంటి వాసన మిస్ ఓరాలీ ముందుగదిలో ఉండేది. ఆవిడ రోజూ పొద్దున్నే చిన్న చాకుతో నాలుగు పెన్సిళ్ళు చెక్కుకుని, ఆ పొట్టు ఒక సాసర్‌లో పోసి కిటికీలో పెట్టేది. ఆవిడ పోయి రెండు వసంతాలు దాటాయి. వాసన మాత్రం ఇలా ఎక్కడో ఒకచోట ఎదురుపడుతూనే ఉంది.

మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి ముందు ఆవిడెవరో చెప్పాలి. మిస్ ఓరాలీ నల్లజాతి మనిషి, ఎనభై దాటిన వయసు, సన్నగా చీపురుపుల్లలా ఉండేది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైంది. ఈ చుట్టుపక్కల కౌంటీల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకరి పక్కన ఒకరు ఎలా బతికారు, ఎవరు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేవారు, ఎవరి బడి ఎలా కాలిపోయింది, ఎవరు భయపడి ఊరు విడిచిపోయారు అన్నవన్నీ ముసలివాళ్ళ నోటి నుంచి విని పుస్తకాలు రాసింది. నేను అయిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఆవిడ పుస్తకాలు నేను చదవలేను. ఆవిడ నాతో నోటితో చెప్పింది మాత్రం ఒక్క ముక్క పోకుండా ఉంది నా దగ్గర.

మేముండేది ఫ్రిస్కో దాటి ఇరవై నిమిషాలు పోతే వచ్చే ఊరు. పేరు రాయను. మా అమ్మాయి సుధ, అల్లుడు కిరణ్ అక్కడ కొత్త ఇల్లు కొనుక్కున్నాక నన్ను తెచ్చుకున్నారు. వీధంతా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, సగం మంది మనవాళ్ళే. వీధి చివర మాత్రం పాత చెక్క ఇల్లు ఒకటి రంగు వెలిసిపోయి మిగిలింది. అదే ఆవిడ ఇల్లు. పొద్దున నడకకి వెళ్తుంటే వరండాలోంచి చెయ్యూపేది. పక్కింటావిడ "డాక్టర్ అండీ ఆవిడ, పెద్ద పేరు" అని చెప్పింది. నాకు అప్పటికే మోకాలు వాచి నెల అయింది. మర్నాడు సరాసరి వరండా ఎక్కి, చీర మోకాలిదాకా ఎత్తి, "పెయిన్, డాక్టర్" అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మోకాలు శ్రద్ధగా చూసింది. నొక్కింది కూడా. తర్వాత నవ్వాపుకుంటూ, "నేను చచ్చిపోయినవాళ్ళ డాక్టర్ని. బతికున్నవాళ్ళ మోకాళ్ళు నాకు తెలీవు. కూర్చో, ఐస్ తెస్తాను" అంది. ఆవిడ మాట్లాడింది నెమ్మదైన ఇంగ్లీషు. ఆ నెమ్మది వల్లే నాకు అర్థమయ్యేది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నా పేరు నీల, ఆవిడ నన్ను పేరు పెట్టే పిలిచేది.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ ఆఫీసులకి, స్కూలుకి వెళ్ళాక నేను ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఉప్మా, పులిహోర ఏదుంటే అది డబ్బాలో పెట్టుకుని పోయేదాన్ని. పులిహోరలో ఎండుమిరపకాయ కూడా వదలకుండా తినేది. తింటూ నన్ను అడిగేది. ఆవిడ అడిగే పద్ధతి వేరుగా ఉండేది. ఏం జరిగింది అని ఎప్పుడూ అడగదు. "అలా అడిగితే మనిషి తను అనుకున్నది చెప్తాడు. ఏ గుమ్మంలోంచి వెళ్ళావు, ఎక్కడ కూర్చున్నావు, నీళ్ళు దేంట్లో ఇచ్చారు అని అడిగితే జరిగింది చెప్తాడు" అనేది. ఒకసారి మా ఊరి ఇంటి గురించి అడిగింది. మాది మార్కాపురం దగ్గర. నాన్న పలకల గనిలో పనిచేసేవాడు. ఇంటికి ఎన్ని గుమ్మాలు అంది. రెండు అన్నాను. వెనక గుమ్మం దగ్గరికి ఎవరు వచ్చేవారు అంది. దొడ్డి ఊడవడానికి పల్లె నుంచి ఒకావిడ వచ్చేదనీ, మా అమ్మ చెంబెత్తి దూరం నుంచి పోస్తే దోసిలి పట్టి తాగేదనీ చెప్పాను. ఆవిడ చీర అంచు రంగు చెప్పాను, ఎడమచేతి చిటికెన వేలు వంకర అని చెప్పాను, తాగాక తడిచెయ్యి మెడకి రాసుకునేదని చెప్పాను. మిస్ ఓరాలీ అన్నీ రాసుకుని పెన్సిల్ ఆపింది. "పేరు?"

నా దగ్గర పేరు లేదు. మర్చిపోలేదు నేను. ఎప్పుడూ అడగలేదు. ఎవరూ ఆవిణ్ణి మా ఇంట్లో పేరు పెట్టి పిలవలేదు. ఊళ్ళో ఎవరి పెళ్ళికి ఎవరు ఏ చీర కట్టారో చెప్పగలనని గర్వపడేదాన్ని నేను. మిస్ ఓరాలీ తను రాసుకుంటున్న కార్డు మీద పేరు రాసే చోట ఖాళీ వదిలి, పెట్టెలో పెట్టింది. అలాంటి ఖాళీ కార్డులు ఆ పెట్టెలో చాలా ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండుతుంటే దోసిలి పట్టి వంగిన ఆ మనిషి వీపు మా వంటింటి వెనక తలుపు అద్దంలో కనిపించినట్టయింది. అద్దం తుడిచాను. అక్కడేమీ లేదని నాకూ తెలుసు.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. మధ్యాహ్నం రెండింటికి ఒక పాత చర్చి పుస్తకం తీసి పేర్లు పైకి చదివేది. ఇక్కడ ఒకప్పుడు నల్లవాళ్ళ చిన్న ఊరు ఉండేదట. బానిసత్వం పోయాక వాళ్ళే కొనుక్కుని కట్టుకున్న ఊరు. తర్వాత బెదిరించి, ఇళ్ళు లాక్కుని వాళ్ళని తరిమేశారట. చచ్చిపోయి పాతిపెట్టినవాళ్ళ పేర్లు చర్చి పుస్తకంలో ఉన్నాయి. ఎక్కడ పాతిపెట్టారో లేదు. దున్నేశారు, పత్తి వేశారు, అమ్మేశారు. ఆ పేర్లలో ఆవిడ ముత్తవ్వ పేరూ ఉంది. ఆ చోటు కోసం మిస్ ఓరాలీ నలభై ఏళ్ళు వెతికింది. ఒక్కో పేరు చదివి, నాలుగు ఊపిర్లు తీసుకునేంతసేపు ఆగేది. హాజరు వేసే టీచరు ఆగినట్టు. ఒక రోజు అలా ఆగినప్పుడు, గాలి కూడా లేదు, వెనకగది తలుపు దానంతటదే మెల్లగా తెరుచుకుంది. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఈ నల్లమట్టి ఎండకి బిగుస్తుంది, వానకి ఉబ్బుతుంది. నేల కదిలితే ఇల్లు కదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అది నాకు తెలుసు, నీలా" అంది. తర్వాతి పేరు చదవబోతూ, "కానీ నేను లేచి మూయను" అంది.

నాలుగు నెలల తర్వాత ఒక శుక్రవారం ఆవిణ్ణి మా ఇంటికి భోజనానికి పిలిచాను. అంతవరకూ ఆవిడ మా గడప తొక్కలేదు. ఊతకర్ర పట్టుకుని వచ్చింది, ముందు గుమ్మంలోంచే తీసుకొచ్చాను. హాలు పక్కన అల్మరాలో నా దేవుడి మందిరం ఉంది. ఆవిడ చూస్తానంది. చూస్తూ చూస్తూ ఊతకర్ర జారవిడిచింది. నేను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ వేలు చాచి మందిరం వైపు చూపించింది.

"ఆ శంఖం ఎక్కడిది?"

"వెనక ఫీల్డ్‌లో దొరికింది" అన్నాను సంతోషంగా. అమెరికాలో, సముద్రం గంటల దూరంలో ఉన్న చోట, నడుస్తుంటే కాళ్ళ దగ్గర శంఖం దొరకడం అదృష్టం కాకపోతే ఏమిటి? కడిగి, పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టాను. మా ఇంటి వెనక కంచె అవతల ఖాళీ స్థలం ఉంది. పొద్దున పూజకి పూలు అక్కడే కోసేదాన్ని. బిళ్ళగన్నేరుని పోలిన నీలం పూలు నేలంతా అల్లుకుని ఉండేవి. ఆ తీగల్లో ఒక్కొక్కటే దొరికాయి నాకు: శంఖాలు మూడు, నీలం పువ్వున్న పింగాణీ ముక్క, పిడి లేని కప్పు, ఆకుపచ్చ సీసా మూత, చిన్న గాజు దీపం బుడ్డి. కప్పులో కుంకుమ పోశాను. దీపం బుడ్డి వెలిగించలేదు గాని పక్కనే ఉన్న తులసి దగ్గర పెట్టాను.

మిస్ ఓరాలీ ఆ ఏడు వస్తువులనీ ముట్టుకోకుండా ఒక్కొక్కటే చూసింది. తర్వాత చెప్పింది. పేరు చెక్కిన రాళ్ళు కొనలేనివాళ్ళు సమాధి మీద చనిపోయిన మనిషి ఆఖరుసారి వాడిన కప్పు, పళ్ళెం, దీపం పెట్టేవారట. నీళ్ళు దాటి పోయే దారి కోసం గవ్వలు, శంఖాలు పెట్టేవారట. చుట్టూ ఆ నీలం పూల తీగ నాటేవారట, ఏ ఋతువులోనూ పచ్చదనం పోదని. ఆ తీగ ఈ మట్టిలో తనంతట తాను రాదట. ఎవరో ఒకరు తెచ్చి నాటాలి.

నా చేతుల్లోంచి పళ్ళెం పడలేదు, ఏమీ కాలేదు. కాని ఆ క్షణాన నాకు మా ఇంట్లో నిలబడ్డట్టు లేదు. ఎవరి కప్పులోనో కుంకుమ పోసి రోజూ బొట్టు పెట్టుకున్నాను. ఎవరి తలదగ్గరి పూలో కోసి దేవుడికి పెట్టాను. ఎన్నోసార్లు పూలు కోస్తుంటే వెనక వరసగా మనుషులు నిలబడి చూస్తున్నట్టుండేది. మంచులో చెట్ల నీడలనుకుని చెంగు కప్పుకుని వచ్చేసేదాన్ని.

కంగారు పడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ స్థలంలో బిల్డర్ క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ కడుతున్నాడు. మూడు వారాల్లో తవ్వకం మొదలవుతుంది. అది సమాధుల నేల అని చూపించకపోతే అంతా మిషన్ల పాలు. చూపించడానికి ఉన్న గుర్తులు నేనే ఏరేశాను.

నాకు ఒక్కటే తోచింది. "మిస్ ఓరాలీ, నాకు ఏది ఎక్కడ తీశానో గుర్తుంది. ఏ పక్కకి తిరిగి ఉందో కూడా తెలుసు. రేపు పొద్దున్నే వెళ్ళి ఎక్కడివక్కడ పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

ఆవిడ నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నలభై ఏళ్ళు వెతికాను నేను. నువ్వు పెట్టేస్తే రేపే గెలుస్తాను" అంది. "కానీ వాటిని అక్కడ పెట్టిన చెయ్యి వాళ్ళది. ఇప్పుడు పెడితే అది నీ చెయ్యి. వాళ్ళ గురించి అబద్ధాలు రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నీలా. మంచి అబద్ధం కూడా మనం చేర్చొద్దు. తీసింది తీశానని చెప్పు. ఎక్కడ తీశావో చెప్పు."

మర్నాడు ఇద్దరం ఆ నేల మీద నడిచాం. ఒక్కో చోట నేను ఆగి చెయ్యి చూపిస్తే ఆవిడ కర్రతో గుచ్చి కార్డు మీద రాసింది. అన్నీ పెన్సిల్‌తోనే. రుజువయ్యేదాకా సిరా ముట్టదు. రాళ్ళు కూడా చూపించాను. పలకలు తీసే ఇంట్లో పుట్టినదాన్ని, దొర్లి వచ్చిన రాయికీ నిలబెట్టిన రాయికీ తేడా నాకు తెలుసు. తీగల కింద అరచేతంత రాళ్ళు నిలువుగా పాతి ఉన్నాయి, అన్నీ పొద్దు పొడిచే వైపు ముఖం పెట్టి. కొన్నిచోట్ల పాదం కింద నేల మనిషి పొడవున దిగబడి ఉంది. ఆవిడ అక్కడికి వచ్చినప్పుడల్లా పక్కనుంచి చుట్టి నడిచింది. నన్నూ అలాగే నడవమంది. తవ్వకం ఆపమని ఆవిడ ఊరి ఆఫీసుకి రాస్తే, అందరి మాటా వినడానికి వాళ్ళు ఒక రోజు పెట్టారు, హియరింగ్ అని.

ఇంట్లో చెప్పేసరికి సుధ ముందు దేవుడి అల్మరా కడిగింది, తర్వాత స్నానం చేసింది, తర్వాత నా మీద పడింది. "దారిలో కనిపించిందల్లా తెచ్చి ఇంట్లో పెడతావా అమ్మా? ఇది మన ఊరు కాదు." కిరణ్ ఎప్పుడూ నామీద గొంతెత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు. "అత్తయ్యా, మీరు హియరింగ్‌లో మాట్లాడితే అది రికార్డ్ అవుతుంది. రేపు మన ఇల్లు సేల్‌కి పెడితే ఎవడు కొంటాడు? వాట్సాప్ గ్రూప్‌లో అప్పుడే స్టార్ట్ చేశారు. ఆ ప్రొఫెసర్ గారికి ఆవిడ వాళ్ళు ముఖ్యం. మనకి మన ఇల్లు."

"బాబూ, నేను తీసినవి వాళ్ళవి" అన్నాను.

"తెలీక తీశారు కదా."

"ఇప్పుడు తెలిసింది కదా."

అతను లాప్‌టాప్ మూసేసి మేడ మీదకి వెళ్ళిపోయాడు. కాని హియరింగ్ రోజున కారు తీసింది అతనే. 

ఊరి ఆఫీసులో పెద్ద గది. మిస్ ఓరాలీ తనకి తెలిసింది చెప్పింది, తెలియనిది తెలియదంది. నా వంతు వచ్చినప్పుడు సుధ పక్కన నిలబడి నా తెలుగుని ఇంగ్లీషు చేసింది. ఏడు వస్తువులూ బల్ల మీద పరిచి, తీశాను, నేనే తీశాను అని చెప్పాను. బిల్డర్ తరఫు లాయరు మర్యాదగానే అడిగాడు. "మేడమ్, గుర్తు కోసం ఫొటో లేదు, కాగితం లేదు. మీ జ్ఞాపకాన్ని ఎలా నమ్మాలి?"

సుధ నా చెవిలో, "అమ్మా, జాగ్రత్త" అంది.

"ఈయన పక్క తలుపులోంచి వచ్చాడు" అన్నాను. "ఎడమచేతిలో కాఫీ. ముందు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎండ పడుతోందని మూడో కుర్చీలోకి మారాడు. ఆ గళ్ళ చొక్కా ఆయన మాత్రం వెనక తలుపులోంచి వచ్చి, ఇప్పటిదాకా కూర్చోలేదు. ఇంకా చెప్పనా?" సుధ ఇంగ్లీషులో చెప్పగానే గదిలో నవ్వులు పుట్టాయి. లాయరు కూడా నవ్వాడు. మిస్ ఓరాలీ నవ్వలేదు. నేను ఎక్కడ తప్పు చెప్తానో అని ఆవిడ కార్డులు ఒక్కొక్కటే సరిచూసుకుంటోంది. చివరికి తవ్వకం ఆపి, ముందు మట్టి పైపొర గీకి చూడమని ఊరి బోర్డు చెప్పింది.

మూడు రోజుల తర్వాత ఉప్మా డబ్బా పట్టుకుని వెళ్ళాను. ఆవిడ వరండాలో ఎప్పటి కుర్చీలోనే ఉంది, ఒళ్ళో కార్డులు. ఎదురుగా కూర్చుని, గీకే మిషన్ సోమవారం వస్తుందట, కిరణ్ చెప్పాడు అన్నాను. అల్లం ఎక్కువైంది ఏమనుకోవద్దు అన్నాను. చాలా చెప్పాను. ఆవిడ వింటున్నట్టే ఉంది, కొంచెం తల వంచి. ఈగ ఒకటి వచ్చి కళ్ళజోడు మీద వాలి ఎంతకీ లేవలేదు. అప్పుడు తెలిసింది నాకు. డబ్బా కింద పెట్టాను. వెనకగది తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళి చర్చి పుస్తకం తెచ్చి, నాకు ఇంగ్లీషు చదవడం రాకపోయినా, విని విని నోటికొచ్చిన పేర్లు వరసగా చెప్పాను. ఒక్కో దాని తర్వాత నాలుగు ఊపిర్లు ఆగాను. ఆ తర్వాతే లేచి ఫోన్ చేశాను.

సోమవారం మిషన్ వచ్చింది. నల్లమట్టి పైపొర తీయగానే, తవ్వి పూడ్చిన చోటల్లా కింది పసుపుమట్టి కలిసి నిలువు చారలు కనిపించాయి, మనిషంత పొడవు. నేను చూపించిన ఏడింట ఆరు చోట్ల ఉన్నాయి. కప్పు దొరికిన చోట ఏమీ లేదు. ఆ కప్పు ఎవరిదో, మట్టి ఎటు నెట్టిందో ఎవరికీ తెలీదు. అంత్యక్రియలకి వచ్చిన మిస్ ఓరాలీ మేనకోడలు ఆరు కార్డుల మీద సిరాతో దిద్దింది. ఏడోది అలాగే వదిలేసింది. క్లబ్‌హౌస్ రాలేదు. ఇప్పుడక్కడ ఇనప కంచె, లోపల పేర్ల పలక ఉన్నాయి.

కాని చారలు కొత్త కంచె దగ్గర ఆగలేదు. మా పెరటి వైపు వస్తున్నాయి. ఆ గీకే పని చూస్తున్న ఆయన మొహమాటపడుతూ, పెరట్లో చూడొచ్చా అని అడిగాడు. కిరణ్ ఆయన బూట్లకేసి చూసి, "ఓకే" అన్నాడు. పెరట్లో రెండు కనిపించాయి. ఆయన వాటి నుంచి దారం కట్టి, అదే వరసలో, అదే ఎడంలో లాక్కుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా ఇంటికొచ్చే అమెరికా వాళ్ళకి చెప్పులు విప్పమని ప్రతిసారీ చెప్పాలి. ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది. గడప బయటే బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చి, గచ్చు మీద టేపుతో కొలిచాడు. ఈ ఇళ్ళకి లోతైన పునాది ఉండదు, నేల మీద సిమెంటు పలక పోసేస్తారు. కింద ఉన్నవాళ్ళు కిందే ఉంటారు. "ఉంటే ఇక్కడొకరు" అన్నాడు, ఫ్రిజ్ ముందు. కొంచెం జరిగి, "ఇక్కడ ఇంకొకరు. ఈ చివర్లో ఎడం తక్కువ. చిన్నవాళ్ళయి ఉండొచ్చు." కిరణ్ సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక కాలు పక్కకి తీశాడు, తర్వాత రెండోది. "సారీ" అన్నాడు, ఎవరితోనో.

ఇల్లు అమ్మలేదు. అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు కూడా. నేను స్టవ్ దగ్గర్నుంచి సింక్ దగ్గరికి తిన్నగా నడవను, చుట్టి నడుస్తాను. చేతిలో వేడి గిన్నె ఉన్నా సరే. కొత్తగా వచ్చినవాళ్ళు ఏమిటండీ అలా తిరుగుతున్నారు అంటారు. మోకాలి నొప్పని తప్పించుకోవచ్చు. తప్పించుకోను. కూర్చోబెట్టి, మీరు ఏ గుమ్మంలోంచి వచ్చారో ముందు అది చెప్పండి అని మొదలుపెడతాను.